వరి ఆకులో, మలేరియా పరాన్నజీవిలో ఒకే వంశపు సంకేత ప్రోటీన్

వరంగల్, ములుగు ప్రాంతాల్లో నాట్లు మొదలయ్యే రోజులూ జ్వరాలు మొదలయ్యే రోజులూ దాదాపు ఒకటే. తొలకరి పడి, మడులు దమ్ము చేసి, పాకాల, రామప్ప, లక్నవరం చెరువుల ఆయకట్టులో నీరు నిలిచే నాటికి వాగు అంచుల్లో, గుంటల్లో, పశువుల గిట్టల జాడల్లో చేరిన నీటిలో సైతం అనాఫిలిస్ దోమ గుడ్లు పెడుతుంది. ఏటూరునాగారం, తాడ్వాయి, మంగపేట ఏజెన్సీ గ్రామాలవారికి మలేరియాను కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. నాటు కూలికి పోవలసిన మనిషి మంచం పడితే ఆ ఇంటి నష్టం మందుల ఖర్చుతో ముగియదు. నారు ముదిరిపోతుంది, నాటు ఆలస్యమవుతుంది, ఆ ఆలస్యం దిగుబడిలో కనిపిస్తుంది.

వ్యవసాయానికీ మలేరియాకూ ఉన్న ఈ బయటి సంబంధం అందరికీ తెలిసినదే. అంతగా ప్రచారంలోకి రాని లోపలి సంబంధం మరొకటి ఉంది. వరి మొక్క నీటి ఎద్దడినీ చలినీ చౌడునూ గుర్తించి స్పందించడానికి వాడుకునే ఒక ప్రోటీన్ కుటుంబమే మలేరియా పరాన్నజీవిలోనూ పనిచేస్తున్నది. మన శరీరంలో ఆ కుటుంబం లేదు. కాబట్టి దానిని దెబ్బతీసే మందు రోగికి హాని లేకుండా పరాన్నజీవిని అణచగలదన్న ఆశ మూడు దశాబ్దాలుగా శాస్త్రవేత్తలను నడిపిస్తున్నది. ఆ ఆశ నెరవేరడానికి ముందు ఒక చిన్న ప్రశ్న తేలవలసి వచ్చింది. పరాన్నజీవి శరీరంలో ఆ ప్రోటీన్ సరిగ్గా ఎక్కడ ఉంటుంది?

‘ఎక్కడ’ అన్న ప్రశ్న

మలేరియా శాస్త్ర చరిత్ర అంతా ఒక విధంగా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. 1880లో అల్జీరియాలో పనిచేస్తున్న ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ రోగి రక్తంలో పరాన్నజీవిని చూశాడు. అది ఒకరి నుండి మరొకరికి ఎలా చేరుతుందో తేలలేదు. వరంగల్‌కు సుమారు 140 కిలోమీటర్ల దూరంలోని సికింద్రాబాదులో, బేగంపేట సైనిక ఆసుపత్రిలో పనిచేసిన రోనాల్డ్ రాస్ 1897లో హుస్సేన్ ఖాన్ అనే రోగిని దోమలచేత కుట్టించి, కుట్టిన ఒక్కో దోమకు ఒక్కో అణా చెల్లించాడు. ఆ దోమలను ఒక్కొక్కటిగా కోసి చూస్తూ ఆగస్టు 20న మచ్చల రెక్కల దోమ జీర్ణాశయపు గోడలో నల్లని రంగు రేణువులున్న కణాలను కనుగొన్నాడు. పరాన్నజీవి దోమ కడుపులో ఉందని తేలింది. మరుసటి ఏడాది కలకత్తాలో, పక్షుల మలేరియాపై పనిచేస్తూ, అదే క్రిమి దోమ లాలాజల గ్రంథులకు చేరుతుందని చూపించాడు. చోటు తెలిసిన వెంటనే దారి తెలిసింది, దోమకాటే కారణమని రుజువైంది. మానవ శరీరంలో ఆ క్రిమి మొదటి రోజులు దాగి ఉండే చోటు కాలేయమని తెలియడానికి మాత్రం 1948 దాకా ఆగవలసి వచ్చింది.

రాస్ వెదికినది దోమలో పరాన్నజీవి కోసం. నేటి పరిశోధకులు వెదుకుతున్నది పరాన్నజీవిలో ఒక్క ప్రోటీన్ కోసం. కొలతలు మారినా తర్కం మారలేదు. మన చెరువుల భాషలో చెప్పాలంటే, నీరటికాడు తూము దగ్గర నిలబడి ఉంటే ఆయకట్టుకు నీరు వదులుతున్నాడని, అలుగు దగ్గర ఉంటే వరద చూస్తున్నాడని దూరం నుండే చెప్పగలం. మనిషి ఒక్కడే, నిలిచిన చోటును బట్టి పని వేరు. కణంలో సంకేత ప్రోటీన్ల సంగతి కూడా అంతే. ఒకే రసాయన చర్య చేసే ప్రోటీన్ కేంద్రకంలో ఉంటే ఒక పనికి, బయటి పొరను అంటుకుని ఉంటే మరొక పనికి వస్తుంది.

కాల్షియం కబురు

ప్రతి జీవకణమూ తనలోని కాల్షియంను చాలా తక్కువ స్థాయిలో ఉంచుకుంటుంది. కణం వెలుపలి ద్రవంతో పోలిస్తే లోపల అది సుమారు పదివేల రెట్లు తక్కువ. ఈ తేడాయే కాల్షియంను మంచి వార్తాహరునిగా చేసింది. బయట ఏదైనా మార్పు జరిగితే కణపు పొరలోని ద్వారాలు క్షణకాలం తెరుచుకుని లోపలి కాల్షియం ఒక్కసారి పెరుగుతుంది. ఆ పెరుగుదలను గుర్తించి కణంలోని ఇతర ప్రోటీన్లకు చేరవేసే ప్రోటీన్ ఒకటి కావాలి.

జంతువుల్లో ఈ పనిని ఇద్దరు పంచుకుంటారు. కాల్మోడ్యులిన్ అనే చిన్న ప్రోటీన్ కాల్షియంను పట్టుకుంటుంది, తరువాత వేరొక కైనేజ్‌కు అతుక్కుని దానిని మేల్కొలుపుతుంది. కైనేజ్ అంటే ఇతర ప్రోటీన్లకు ఫాస్ఫేట్ గుంపును తగిలించే ఎంజైమ్. ఫాస్ఫేట్ తగిలిన ప్రోటీన్ ఆకారం మార్చుకుని పని మొదలుపెడుతుంది, లేదా ఆపుతుంది. మొక్కల్లో ఈ ఇద్దరి పని ఒకే అణువులో కలిసిపోయింది. ముందు భాగం కైనేజ్, వెనుక భాగం కాల్షియంను పట్టుకునే నాలుగు పిడికిళ్లు, మధ్యలో వాటిని కలిపే చిన్న బంధం. కాల్షియం లేనప్పుడు ఆ బంధమే కైనేజ్ నోటికి అడ్డుపడి ఉంటుంది, కాల్షియం అందగానే పక్కకు తొలగుతుంది. ఈ నిర్మాణమున్న ప్రోటీన్లను కాల్షియం ఆధారిత ప్రోటీన్ కైనేజ్‌లు అంటారు. ఆంగ్ల పొడి అక్షరాల్లో సీడీపీకే.

వీటిని మొదట శుద్ధి చేసింది సోయా చిక్కుడు నుండి, 1987లో. జన్యువు 1991లో వెలుగు చూసింది. వరిలో ఇటువంటి జన్యువులు సుమారు 30 ఉన్నాయి. వాటిలో ఏడవదిగా పేరు పెట్టిన ఒకదానిని వరిలో అధికంగా పనిచేయించినప్పుడు చలికీ, చౌడుకూ, నీటి ఎద్దడికీ తట్టుకునే శక్తి పెరిగిందని 2000లో జపాన్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. పన్నెండవ సంఖ్య కైనేజ్ కథ ఇంకా ఆసక్తికరం. అది ఎక్కువైతే మొక్క చౌడును తట్టుకుంటుంది గాని అగ్గి తెగులుకు మరింత లోబడుతుందని 2012లో తేలింది. ఒక చేత్తో ఇచ్చి ఒక చేత్తో తీసుకునే ఇటువంటి జన్యువులు రకాల రూపకల్పనలో పనిచేసినవారికి కొత్త కావు. సన్న గింజ నాణ్యత, దిగుబడి, తెగుళ్ల నిరోధకత, ఈ మూడింటినీ ఒకే రకంలో కూర్చడం ఎంత కష్టమో వరంగల్ సాంబ వంటి రకాలను అందించిన మన వరంగల్ ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలోని వారిని అడిగితే చెబుతారు.

మలేరియా పరాన్నజీవులలో ప్రాణాంతకమైన ప్లాస్మోడియం ఫాల్సిపారంలో ఇదే నిర్మాణమున్న కైనేజ్ జన్యువును 1993లో కనుగొన్నారు. దానికి పీఎఫ్‌సీడీపీకే1 అని పేరు స్థిరపడింది. ఇకముందు దీనిని సౌలభ్యం కోసం ‘మొదటి కైనేజ్’ అందాం. తరువాత ఆ కుటుంబంలో మరికొన్ని బయటపడి, మొత్తం సంఖ్య ఏడు వరకు చేరింది.

మొక్క పోలికలు ఎందుకు వచ్చాయి

ఇక్కడ ఒక సాధారణ పొరపాటును తొలగించాలి. మలేరియా పరాన్నజీవికి మొక్కలతో బంధుత్వం ఉందనగానే అది ఒకప్పుడు మొక్కేనన్న భావన కలుగుతుంది. సంగతి వేరు. ఈ క్రిమి పూర్వీకులలో ఒకటి ఎర్ర శైవలాన్ని మింగి, అరిగించుకోకుండా లోపల ఉంచుకుంది. ఆ శైవలంలోని హరితరేణువు నేటికీ పరాన్నజీవిలో మిగిలి ఉంది. రంగు పోయింది, కిరణజన్య సంయోగక్రియ పోయింది. నాలుగు పొరల సంచిగా, సుమారు 35 వేల క్షార జతల వలయాకార డీఎన్ఏతో అది కొనసాగుతున్నది. దీనిని ఎపికోప్లాస్ట్ అంటారు. 1996లో దాని ఉనికి స్పష్టమైనప్పుడు జీవశాస్త్ర లోకం ఆశ్చర్యపోయింది.

కాల్షియం కైనేజ్‌ల కుటుంబం మాత్రం మొక్కల్లో, ఆకుపచ్చ శైవలాల్లో, ప్లాస్మోడియంలోనే కాక పారమీసియం వంటి ఏకకణ జీవుల్లోనూ కనిపిస్తుంది. జంతువుల్లో, శిలీంధ్రాల్లో కనిపించదు. కాబట్టి హరితరేణువు అవశేషాన్నీ ఈ కైనేజ్‌లనూ ఒకే కథగా కలిపివేయకూడదు. రెండూ మొక్క పోలికలే, వచ్చిన దారులు మాత్రం ఒకటేనని అనుకోనక్కరలేదు.

ఈ పోలికల వల్ల మన పొలాల్లో వాడే కొన్ని రసాయనాలు మలేరియా ప్రయోగశాలకు చేరాయి. అమైనో ఆమ్లాల తయారీకి మొక్కలు వాడే షికిమేట్ మార్గం పరాన్నజీవిలో కూడా ఉందనీ, ఆ మార్గాన్ని అడ్డుకునే గ్లైఫోసేట్ కలుపు మందు ప్రయోగశాలలో దాని పెరుగుదలను ఆపుతుందనీ 1998లో ప్రకటించారు. పెండిమిథాలిన్ కుటుంబానికే చెందిన ట్రైఫ్లూరాలిన్ పరాన్నజీవి కణవిభజనకు అవసరమైన నాళికలను దెబ్బతీస్తుంది. 1999లో ఫాస్మిడోమైసిన్ అనే సూక్ష్మజీవి నాశకం ఎపికోప్లాస్ట్‌లోని ఒక మార్గాన్ని అడ్డుకుంటుందని చూపించారు. ఇది తరువాత మనుషులపై వైద్య పరీక్షల దాకా వెళ్లింది. ఒక హెచ్చరిక తప్పనిసరి. ఇవి గాజు పాత్రల్లో, కొలిచిన మోతాదుల్లో జరిగిన పరీక్షలు. కలుపు మందు మలేరియాకు మందు కాదు. దానిని ఏ రూపంలోనూ శరీరంలోకి తీసుకోరాదు, చల్లేటప్పుడు పీల్చరాదు.

పొరకు దిగిన మూడు మేకులు

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. మొదటి కైనేజ్ పరాన్నజీవిలో ఎక్కడ ఉంటుంది?

ప్రోటీన్ అమైనో ఆమ్లాల వరుసను చూస్తేనే కొంత ఊహ కలుగుతుంది. దాని మొదటి కొసన గ్లైసీన్, ఆ పక్కనే సిస్టీన్, కొంచెం ముందుకు పోతే ధనావేశమున్న అమైనో ఆమ్లాల గుంపు ఉన్నాయి. గ్లైసీన్‌కు మిరిస్టిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం అతుకుతుంది. జాజికాయ శాస్త్రీయ నామం నుండి వచ్చిన పేరు అది. సిస్టీన్‌కు పామిటిక్ ఆమ్లం అతుకుతుంది. ఇప్పుడు మన జిల్లాల్లో విస్తరిస్తున్న ఆయిల్ పామ్ గెలల నూనెలో పుష్కలంగా ఉండేది ఇదే. కొవ్వు తోకలు కొవ్వు పొరలో సులువుగా దిగుతాయి. ధనావేశపు గుంపు పొరలోని రుణావేశాన్ని పట్టుకుంటుంది. అంటే ఈ ప్రోటీన్ ఏదో ఒక పొరకు మూడు మేకులతో బిగిసి ఉంటుందన్నమాట.

విశేషమేమంటే, వరిలోని రెండవ సంఖ్య కైనేజ్ కూడా ఇవే రెండు కొవ్వు ఆమ్లాలతో కణపు పొరను అంటిపెట్టుకుంటుందని 2000లో చూపించారు. గ్లైసీన్‌ను మరో అమైనో ఆమ్లంతో మార్చగానే అది పొరను విడిచిపెట్టింది. ఓరుగల్లు మాగాణుల్లోని వరి ఆకు, అక్కడే కూలి చేసే మనిషి నెత్తురులోని క్రిమి, రెండూ తమ సంకేత ప్రోటీన్లను ఒకే తీరున కట్టివేసుకున్నాయి.

అయితే పరాన్నజీవిలో పొరలు ఒకటి కాదు. ఎర్ర రక్తకణంలోకి దూరిన క్రిమి చుట్టూ ఒక సంచి ఏర్పడుతుంది. ఆ సంచికి ఒక పొర. సంచికీ క్రిమికీ మధ్య కొంత ఖాళీ. తరువాత క్రిమి స్వంత కణపు పొర. దాని అడుగున, రక్తకణాలను దాడిచేసే దశలో, చదును సంచులతో ఏర్పడిన మరొక లోపలి పొరల కవచం. మేకులు వీటిలో దేనికి దిగాయి?

2004లో వెలువడిన పరిశోధన మొదటి కైనేజ్ క్రిమి చుట్టూ ఉన్న సంచి ప్రాంతానికి చేరుతుందనీ, అందుకు ఆ మూడు మేకులూ అవసరమనీ చెప్పింది. 2008లో లండన్‌లోని మిల్ హిల్ జాతీయ వైద్య పరిశోధన సంస్థకు చెందిన బృందం అది క్రిమి అంచున, కణపు పొర దగ్గర, క్రిమిని ముందుకు నెట్టే యంత్రాంగం ఉన్న చోటనే ఉందని తెలిపింది. వినడానికి స్వల్ప భేదం. ఆలోచిస్తే చాలా పెద్ద భేదం. సంచిలో ఉంటే ఆ కైనేజ్ క్రిమికి వెలుపల, ఆతిథ్య కణంతో వ్యవహరిస్తున్నట్టు భావించాలి. పొరకు లోపలి వైపున ఉంటే క్రిమి తన కదలికలనే నడుపుకుంటున్నట్టు. కట్టకు ఇవతల ఉన్నాడా, అవతల ఉన్నాడా అన్నదే తేడా.

ఇంత చిన్న విషయం తేలడానికి ఇంత శ్రమ ఎందుకో కొలతలు చూస్తే అర్థమవుతుంది. ఎర్ర రక్తకణం వెడల్పు 7 నుండి 8 మైక్రాన్లు. దానిలోకి దూరే మీరోజాయిట్ దశలోని క్రిమి ఒకటి, ఒకటిన్నర మైక్రాన్లకు మించదు. ఒక వడ్ల గింజ పొడవున అటువంటి క్రిములను వరుసగా పేర్చితే నాలుగైదు వేలు పడతాయి. సాధారణ కాంతి సూక్ష్మదర్శిని 0.2 మైక్రాన్ల కంటే దగ్గరగా ఉన్న రెండు బిందువులను విడివిడిగా చూపలేదు. క్రిమి పొరకూ లోపలి కవచానికీ మధ్య ఎడం అందులో ఎనిమిదో వంతో పదో వంతో ఉంటుంది. సూక్ష్మదర్శినిలో పచ్చని వెలుగు క్రిమి చుట్టూ గుండ్రంగా కనిపించినంత మాత్రాన అది ఏ పొరదో కంటితో చెప్పలేము.

అందువల్ల ఒకే పద్ధతిని నమ్మడానికి లేదు. కుందేలులోగాని ఎలుకలోగాని తయారు చేసిన ప్రతిరక్షకాలతో ప్రోటీన్‌ను గుర్తించడం ఒక పద్ధతి. కుటుంబంలోని ఇతర కైనేజ్‌లను కూడా అవి పట్టుకునే ప్రమాదం ఉంది గనుక ముందు వాటి శుద్ధతను పరీక్షించాలి. ప్రోటీన్‌కు మెరిసే హరిత ప్రోటీన్‌ను జతచేసి బతికి ఉన్న క్రిమిలోనే చూడడం రెండవది. దానిని ముందు కొసన జతచేస్తే కొవ్వు ఆమ్లాలు అతుకవు, మేకులు ఊడి ప్రోటీన్ ఎక్కడ పడితే అక్కడ తేలుతుంది. అందుకే వెనుక కొసనే జతచేస్తారు. పైగా అది సహజంగా తయారయ్యే సమయంలోనే తయారయ్యేలా చూడాలి, లేకపోతే అకాలంలో పుట్టిన ప్రోటీన్ తప్పుడు గూటికి చేరుతుంది. క్రిమిని పగులగొట్టి, పొరల భాగాన్నీ ద్రవ భాగాన్నీ వేరుచేసి, ప్రోటీన్ దేనిలో మిగిలిందో చూడడం మూడవది. బంగారు రేణువులు అంటించిన ప్రతిరక్షకాలతో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూడడం నాలుగవది, అన్నిటికంటే ఓపిక కావలసినది. వీటికి తోడు ఆ ప్రోటీన్ ఏయే ప్రోటీన్లకు ఫాస్ఫేట్ తగిలిస్తుందో చూడాలి. ఈ చివరి సాక్ష్యమే ఇక్కడ తరాజును లోపలి వైపుకు మొగ్గించిందని నా అభిప్రాయం. తగిలించే చేయి అందేంత దూరంలోనే తగిలించుకునే ప్రోటీన్ ఉండాలి కదా.

ఆ ప్రోటీన్లు ఏవి? క్రిమి పొరకూ లోపలి కవచానికీ మధ్య ఉన్న ఇరుకు సందులో ఆక్టిన్, మయోసిన్‌లతో కూడిన ఒక చిన్న యంత్రం ఉంది. మన కండరాలను కదిపే ప్రోటీన్ల దూరపు బంధువులవి. క్రిమికి కాళ్లు లేవు, కశాభాలు లేవు. ఈ యంత్రం లాగినప్పుడే అది రక్తకణంలోకి జరగగలదు. యంత్రాన్ని కవచానికి బిగించే జీఏపీ45, మయోసిన్ తోకను పట్టుకునే ఎమ్‌టీఐపీ అనే ప్రోటీన్లకు మొదటి కైనేజ్ ఫాస్ఫేట్‌ను తగిలిస్తుందని 2008 పరిశోధన చూపింది. అదే ఏడాది అమెరికాలో పర్ఫాల్కమైన్ అనే రసాయనంతో ఈ కైనేజ్‌ను అడ్డుకున్నప్పుడు పరాన్నజీవి ఎదుగుదల, పిల్ల క్రిములు రక్తకణాన్ని చీల్చుకుని బయటకు రావలసిన చివరి దశలో ఆగిపోయింది.

భారతీయ ప్రయోగశాలలు ఈ కథకు చేర్చినది తక్కువ కాదు. ఢిల్లీలోని అంతర్జాతీయ జన్యు ఇంజనీరింగ్, జీవసాంకేతిక కేంద్రం పరిశోధకులు 2010లో ఒక సులువైన ప్రశ్న వేశారు. క్రిమికి తాను రక్తకణం నుండి బయటపడ్డానని ఎలా తెలుస్తుంది? రక్తకణం లోపల పొటాషియం ఎక్కువ, బయటి ప్లాస్మాలో చాలా తక్కువ. ఆ తగ్గుదలే క్రిమిలో కాల్షియంను పెంచుతుందనీ, కాల్షియం పెరగగానే క్రిమి ముందు కొసన ఉన్న సూక్ష్మ సంచులు తమ సరుకును బయటికి వదులుతాయనీ వారు చూపారు. రక్తకణాన్ని పట్టుకునే కొక్కేల వంటి ప్రోటీన్లు ఆ సరుకులో ఉంటాయి. ఆ విడుదలలో మొదటి కైనేజ్‌కు పాత్ర ఉందని అదే కేంద్రం 2013లో తెలిపింది. ఢిల్లీలోనే జాతీయ రోగనిరోధక శాస్త్ర సంస్థ 2017లో, కోరినప్పుడు కైనేజ్‌ను తగ్గించగలిగేలా మార్చిన పరాన్నజీవులను తయారుచేసి, అది తగ్గితే రక్తకణాలలోకి దూరడం దెబ్బతింటుందని రుజువు చేసింది. అది పనిచేసే ప్రోటీన్ల జాబితాలో లోపలి కవచానికీ కదలిక యంత్రానికీ చెందినవి ముఖ్యంగా కనిపించాయి.

తీసివేసినా బతికిన క్రిమి

ఇంతవరకు కథ సాఫీగా ఉంది. ప్రోటీన్ అంచున ఉంది, అంచున ఉన్న యంత్రాన్ని నడుపుతుంది, దానిని ఆపితే దాడి ఆగుతుంది. ఇక మందు చేయడమే తరువాయి అనిపిస్తుంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో లూయిస్ మిల్లర్ ప్రయోగశాలలో జరిగిన పని ఈ సాఫీతనాన్ని చెదరగొట్టింది. అసలు ఆలోచించవలసిన భాగం ఇదే.

మామూలు పరాన్నజీవిలో ఈ జన్యువును తొలగించే ప్రయత్నాలు ఫలించలేదు. వారు కైనేజ్‌లో ఒకే ఒక అమైనో ఆమ్లాన్ని మార్చి, దాని పనితనం బాగా తగ్గిన పరాన్నజీవిని ముందు తయారు చేశారు. అది చావలేదు. పీకేజీ అనే వేరొక కైనేజ్ ఆ లోటును భర్తీ చేస్తున్నదని 2016లో తెలిపారు. ఒక కాలువ పూడితే నీరు పక్క కాలువ పట్టినట్టు. అలా సర్దుకున్న పరాన్నజీవిలో మొదటి కైనేజ్ జన్యువును పూర్తిగా తొలగించడం సాధ్యమైంది. 2018లో ప్రకటించిన ఈ ఫలితం ప్రకారం జన్యువు లేని పరాన్నజీవి రక్తంలో నెమ్మదిగానైనా పెరిగింది.

కాని దోమలో పెరగలేదు. ఆడ, మగ సంయోగబీజాలు రెండూ సరిగా ఏర్పడలేదు, దోమకు ఇన్ఫెక్షన్ అంటలేదు. జన్యువును తిరిగి చేర్చితే ఆ శక్తి కొంతవరకు తిరిగి వచ్చింది.

దీని అర్థాన్ని జాగ్రత్తగా గ్రహించాలి. ప్రోటీన్ ఉన్న చోటు దాని పనిని సూచిస్తుంది గాని, ఆ పనికి అదొక్కటే ఆధారమని చెప్పదు. మందు తయారీదారు దృష్టిలో ఇది చేదు వార్త, ఎందుకంటే రక్తదశలో ఈ కైనేజ్‌ను మాత్రమే అడ్డుకునే మందుకు పరాన్నజీవి పక్కదారి వెదుక్కోగలదు. క్లోరోక్విన్ విషయంలో, తరువాత సల్ఫాడాక్సిన్–పైరిమెథమిన్ విషయంలో నిరోధకత ఎంత వేగంగా వ్యాపించిందో చూశాం. ఇప్పుడు మన ముఖ్య ఆధారమైన ఆర్టెమిసినిన్‌కు, అంటే చైనాలో మాచిపత్రి జాతి మొక్క నుండి టూ యూయూ బృందం వెలికితీసి 2015 నోబెల్ బహుమతికి కారణమైన మందుకు, ఆగ్నేయాసియాలో, తరువాత తూర్పు ఆఫ్రికాలో పాక్షిక నిరోధకత కనిపించింది. కొత్త లక్ష్యం ఎంచుకునేటప్పుడు పక్కదారి ఉన్న చోటును ఒంటరిగా ఎంచుకోవడం వివేకం కాదు. పీకేజీని కూడా కలిపి దెబ్బతీయాలన్న ఆలోచన సహజంగా ముందుకు వస్తుంది.

ప్రజారోగ్య దృష్టిలో చూస్తే అదే ఫలితం మంచి వార్త. ఏజెన్సీ గ్రామంలో జ్వరం తగ్గి తిరిగి పనికి పోయిన మనిషి రక్తంలో కొడవలి ఆకారపు సంయోగబీజ మాతృకణాలు ఇంకా ఉండవచ్చు. ఫాల్సిపారంలో అవి పక్వానికి రావడానికి పది, పన్నెండు రోజులు పడుతుంది. అతనికి బాధ ఉండదు, మందు వేసుకోవాలన్న తలంపూ ఉండదు. నాటు వేసేవారి గుంపులో అతనిని కుట్టిన దోమ మాత్రం క్రిమిని తీసుకుపోతుంది. మనిషి వెచ్చదనం నుండి దోమ కడుపులోని చల్లదనానికి చేరగానే, అక్కడి క్సాంతురెనిక్ ఆమ్లం తగలగానే, పరాన్నజీవిలో కాల్షియం పెరిగి మగ కణం ఇరవై నిమిషాల లోపే ఎనిమిది సంయోగబీజాలను విడుదల చేస్తుంది. ఎలుకల మలేరియాలో ఈ ఘట్టాన్ని అదే కుటుంబపు నాలుగవ కైనేజ్ నడుపుతుందని 2004లోనే తెలిసింది. ఫాల్సిపారంలో మొదటి కైనేజ్ కూడా అక్కడ తప్పనిసరని తెలిసిన తరువాత, వ్యాప్తిని ఆపే మందులకు ఈ కుటుంబం తగిన లక్ష్యమన్న వాదం బలపడింది.

ప్రస్తుతం ఆ పనికి మనకున్నది ప్రైమాక్విన్. ఫాల్సిపారం రోగికి ఆర్టెమిసినిన్ ఆధారిత మిశ్రమ చికిత్సతో పాటు రెండవ రోజున ఒకే మోతాదుగా, పెద్దవారికి 45 మిల్లీగ్రాములు, ఇస్తారు. గర్భిణులకు, ఏడాది లోపు శిశువులకు ఇవ్వరు. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపించినవారిలో ఈ మందు రక్తకణాలను చిదిమివేయగలదు. ఈ లోపం మన దేశంలోని కొన్ని గిరిజన సమూహాల్లో గణనీయంగా ఉంది, మలేరియా ఎక్కువగా ఉన్న చోటనే అది ఉండడం మరింత ఇబ్బంది. 2030 నాటికి దేశంలో మలేరియాను నిర్మూలించాలన్న లక్ష్యం ముందున్నప్పుడు, రక్తకణాలకు హాని చేయని, వ్యాప్తిని మాత్రం ఆపే మందు విలువ వేరే చెప్పనవసరం లేదు.

వ్యవసాయ విశ్వవిద్యాలయాలకు ఇందులో చోటు ఉంది. మొదటి కైనేజ్‌ను అడ్డుకునే రసాయనం మనిషి కైనేజ్‌లను తాకుతుందో లేదో చూడడం వైద్యరంగం పని. అదే రసాయనం వరిలోని ముప్పయి కైనేజ్‌లలో దేనినైనా తాకుతుందో లేదో చూడడం ఎవరి పని? మందు మనిషి శరీరం గుండా మురుగులోకి, అక్కడి నుండి నేలలోకి, నీటిలోకి చేరుతుంది. వరి కైనేజ్‌లను ప్రయోగశాలలో తయారు చేసి వాటి చురుకుదనాన్ని కొలిచే నైపుణ్యం మొక్కల జీవసాంకేతిక శాస్త్ర విభాగాల్లో ఉంది. కొత్త మలేరియా రసాయనాలను ఆ కైనేజ్‌లపైనా, తరువాత నారుమడిలో ఎద్దడికి గురిచేసిన మొక్కలపైనా పరీక్షించవచ్చు. ఎదురు దిశలోనూ పని జరగవచ్చు. వరిలో కాల్షియం కైనేజ్‌ల పనిని అర్థం చేసుకోవడానికి వాడే నిరోధకాలలో ఏవైనా పరాన్నజీవి కైనేజ్‌ను మరింత గట్టిగా పట్టుకుంటాయేమో చూడడానికి, రెండు శుద్ధి చేసిన ఎంజైమ్‌లు, ఒక ఫాస్ఫేట్ కొలత పద్ధతి, ఒక పలక సరిపోతాయి. బతికి ఉన్న పరాన్నజీవితో పనిలేదు గనుక ఈ మొదటి వడపోతకు ప్రత్యేక రక్షణ ప్రయోగశాల కూడా అవసరం కాదు.